ఆ అబ్బాయి ఎందుకు ఏడ్చాడు?

ఫిల్మ్ సొసైటీ ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఇంత వర్షంలోనూ వచ్చినందుకు సంతోషం. ఈ రోజు మనం సినిమా వేయడం లేదు, దాని గురించి మాట్లాడుకోవడమే. పిల్లలతో వచ్చినవాళ్ళు ఉంటే పక్క గదిలో బొమ్మల పుస్తకాలు ఉన్నాయి, వాళ్ళను అక్కడ కూర్చోబెట్టండి. నేను వాడే మాటలు డాక్టరు దగ్గర వాడుకునే మాటలే. అయినా ఇది వయసు వచ్చినవాళ్ళ మధ్య జరగవలసిన సంభాషణ.

2008 చలికాలంలో నేను అమెరికాలో ఒక చిన్న యూనివర్సిటీ ఊళ్ళో చదువుకుంటున్నాను. విద్యార్థుల సినిమా సంఘం వాళ్ళు శుక్రవారం రాత్రుళ్ళు ఒక లెక్చర్ హాల్లో సినిమాలు వేసేవారు. టికెట్టు లేదు. ఒకే ఇంట్లో ఉండే ముగ్గురం తెలుగువాళ్ళం వెళ్ళాం. తలుపు మీద అంటించిన కాగితంలో పెద్దలకు మాత్రమే అని ఉంది. ఎప్పుడూ ఉండే హెచ్చరికే అనుకున్నాం. సినిమా పేరు 'షార్ట్‌బస్', దర్శకుడు జాన్ కామెరాన్ మిచెల్, 2006లో వచ్చింది.

ఐదు నిమిషాలు గడిచేసరికి హాల్లో కుర్చీల చప్పుడు మొదలైంది. తెర మీద జరుగుతున్నది నటన కాదనీ, నిజంగానే జరుగుతోందనీ అందరికీ తెలిసిపోయింది. నా పక్కన కూర్చున్నాయన నాకన్నా మూడేళ్ళు పెద్ద. నాకు అన్నం వండడం నేర్పిన మనిషి, అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన లేచి, నా భుజం మీద చెయ్యి వేసి, బయటికి వెళ్ళిపోయాడు. సినిమా అయ్యాక మేము వచ్చి చూస్తే హాలు తలుపు పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాడు. మంచులో ఇంటికి నడిచాం. ఎవరూ మాట్లాడలేదు. సగం దారిలో ఆయనే అడిగాడు: "తమ్ముడూ, మొదట్లో స్నానాల తొట్టిలో కెమెరా పెట్టుకుని ఉన్నాడే, ఆ అబ్బాయి ఎందుకు ఏడ్చాడు?"

ఆయన చూసింది ఐదే నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో మామూలు థియేటర్లో ఎన్నడూ కనిపించని దృశ్యాలు వరసగా ఉన్నాయి. వాటిలో దేని గురించీ ఆయన అడగలేదు. ఈ సినిమా చూసినవాళ్ళు, చూడకుండానే మాట్లాడినవాళ్ళు, సగంలో లేచిపోయినవాళ్ళు అన్న మాటలు ఆ తర్వాత చాలా చదివాను, చాలా విన్నాను. ప్రతిసారీ వాటిని ఆ ప్రశ్న పక్కన పెట్టి చూస్తాను. ఈ సాయంత్రం చెప్పబోయేది కూడా అదే. ఈ సినిమా ముందు జనం ఎక్కడ ఇబ్బంది పడ్డారు? దుస్తులు తీసిన చోటా, మనసు విప్పిన చోటా?

కథ కొంచెం చెప్పాలి, చూడనివాళ్ళే ఎక్కువమంది ఉన్నట్టున్నారు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాతి న్యూయార్క్. సోఫియా అనే ఆవిడ దంపతులకు కౌన్సెలింగ్ చేస్తుంది. ఇతరుల పడకగది సమస్యలు తీర్చడం ఆమె వృత్తి. ఆమెకు మాత్రం జీవితంలో ఒక్కసారి కూడా భావప్రాప్తి కలగలేదు. భర్తకు ఆ సంగతి తెలియదు, ఇన్నేళ్ళుగా నటిస్తూ వచ్చింది. ఆమె దగ్గరికి జేమ్స్, జేమీ అనే ఇద్దరు మగవాళ్ళు వస్తారు, ప్రేమికులు. ఇంకొకరిని తమ మధ్యకు రానివ్వాలా అని సలహా అడుగుతారు. ఆ కౌన్సెలింగ్ మధ్యలో సోఫియా అదుపు తప్పి వాళ్ళలో ఒకరి చెంప మీద కొడుతుంది. కొట్టి, ఏడ్చి, తన నిజం చెప్పేస్తుంది. వాళ్ళు ఆమెను షార్ట్‌బస్ అనే చోటికి రమ్మంటారు. అదొక ఇల్లు. పాటలు పాడేవాళ్ళు, కవిత్వం చదివేవాళ్ళు, గుంపులుగా శృంగారంలో ఉన్నవాళ్ళు, ఊరికే కూర్చుని చూసేవాళ్ళు, అందరూ అక్కడ చేరతారు. అమెరికాలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలను బడికి తీసుకెళ్ళే చిన్న బస్సును షార్ట్ బస్ అంటారు. మిగతా పిల్లలు ఎక్కే పెద్ద పసుపుపచ్చ బస్సులో చోటు లేనివాళ్ళ బస్సు అది. ఆ పేరు పెట్టడంలోనే దర్శకుడి మనసు తెలుస్తుంది.

భావప్రాప్తి అన్నాను. ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. మన పత్రికల్లో డాక్టర్ సమరం గారి ప్రశ్నలు జవాబులు చదివి పెరిగిన తరం మాది. ఆ శీర్షికల్లోనే ఈ మాట మొదట చూశాను. శరీరంలో జరిగే ఒక సంగతికి మన భాష పెట్టుకున్న పేరులో శరీరం ఊసే లేదు. భావం అందడం అని పేరు. సోఫియా వెతుకులాటకు ఇంతకన్నా సరైన పేరు ఏ భాషలో ఉంటుందో నాకు తెలియదు. ఆమెకు దొరకనిది ఒక శారీరక సుఖం మాత్రమే అయితే ఈ సినిమా ఇరవై నిమిషాల్లో అయిపోయేది. ఆమెకు తన భావమే తనకు అందడం లేదు.

ఇక ఆ మొదటి దృశ్యాలు. కెమెరా స్వేచ్ఛా విగ్రహం మీదుగా నగరంలోకి వస్తుంది. నిజమైన నగరం కాదు, జాన్ బెయిర్ అనే కళాకారుడు కంప్యూటర్‌లో తయారుచేసినది. కాగితపు గుజ్జుతో చేసి రంగులు పూసిన బొమ్మల ఊరిలా ఉంటుంది. ఆ బొమ్మల ఊరిలో ఒక్కో కిటికీలోంచి లోపలికి దూరితే నిజమైన మనుషులు. ఒక కిటికీలో జేమ్స్, ఒంటరిగా, తనను తానే కెమెరాతో తీసుకుంటూ. ఒక కిటికీలో సోఫియా, ఆమె భర్త. ఇంకొక కిటికీలో సెవెరిన్ అనే యువతి, డబ్బిచ్చి దెబ్బలు తినడానికి వచ్చిన కుర్రాడితో. ఆ గది కిటికీలోంచి చూస్తే కింద, కూలిపోయిన జంట భవనాల స్థలం. మూడు చోట్లా శృంగారం ఏ దాపరికమూ లేకుండా కనిపిస్తుంది. మూడు చోట్లా అది ముగిశాక మిగిలేది ఒంటరితనమే. జేమ్స్ ఏడుపు వచ్చేది అక్కడే.

దర్శకుడు ఎంత తెలిసి చేశాడో చూడండి. చూపించవలసిన వాటిలో అతి కష్టమైనదాన్ని మొదటి నిమిషాల్లోనే చూపించేశాడు. మామూలుగా ఇలాంటి సినిమాలు ప్రేక్షకుణ్ణి ఊరిస్తూ తీసుకెళతాయి. ఈ సినిమాలో ఊరించడానికి ఏమీ మిగలదు. వెళ్ళిపోవాలనుకున్నవాళ్ళు అప్పుడే వెళ్ళిపోతారు. ఉండిపోయినవాళ్ళకు పావుగంటలో కళ్ళు అలవాటుపడతాయి. మా హాల్లో అదే జరిగింది. ముందు నిశ్శబ్దం, తర్వాత బెరుకు నవ్వులు, ఆ తర్వాత నిజమైన నవ్వులు. గంట గడిచాక ముక్కులు చీదుకునే చప్పుడు. మా ముందు వరసలో ఒక పొడుగాటి అమెరికన్ కుర్రాడు, మొదట్లో అందరికన్నా గట్టిగా నవ్వినవాడు, చివర లైట్లు వెలిగాక చాలాసేపు లేవలేదు.

ఈ మనుషులు తెర మీదికి ఎలా వచ్చారో తెలిస్తే ఆ స్పందన కొంత అర్థమవుతుంది. మిచెల్ ముందు కథ రాసుకుని నటులను పిలవలేదు. తమ జీవితంలో ముఖ్యమైన ఒక శృంగార అనుభవం గురించి మాట్లాడి, వీడియో తీసి పంపమని ప్రకటించాడు. దాదాపు 500 టేపులు వచ్చాయి. వాటిలోంచి 40 మందిని పిలిచి, చివరికి కొద్దిమందిని ఎంచుకున్నాడు. వాళ్ళలో చాలామంది పేరున్న నటులు కారు. వాళ్ళతో రెండేళ్ళకు పైగా వర్క్‌షాపులు నడిపాడు. కథ వాళ్ళ నోటినుంచి, వాళ్ళ భయాల్లోంచి వచ్చింది. జేమ్స్, జేమీలుగా వేసిన పాల్ డాసన్, పీజే డిబాయ్ నిజజీవితంలోనూ అప్పట్లో జంటే. ఒక సమూహ దృశ్యంలో దర్శకుడు తానే కెమెరా ముందుకు వెళ్ళి పాల్గొన్నాడు, నటులను అడిగిన పని తాను చేయకుండా ఉండకూడదని. నమ్మకం అనేది ఇలాంటి చోట మాటలతో పుట్టదు.

చూడకముందు వచ్చిన స్పందన ఒకటి చెప్పాలి. సోఫియాగా వేసిన సూక్-యిన్ లీ కెనడా ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ సీబీసీలో రేడియో కార్యక్రమం నడిపేవారు. ఈ సినిమాలో ఆమె చేస్తున్నారని 2003లో బయటపడింది. అప్పటికి సినిమా ఇంకా తీయనే లేదు. సంస్థ ఆమెను ఉద్యోగంలోంచి తీసేయాలని ఆలోచించింది. శ్రోతలు ఆమె పక్షాన నిలబడ్డారు. దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా, నటి జూలియన్ మూర్, కళాకారిణి యోకో ఓనో లాంటివాళ్ళు మద్దతు పలికారు. చివరికి సంస్థ వెనక్కి తగ్గింది. నాకు ఈ సంఘటనలో ఆ పెద్ద పేర్లకన్నా శ్రోతలే ముఖ్యం అనిపిస్తారు.  రేడియోలో ఆమె గొంతు విన్నవాళ్ళు వాళ్ళు. ఒక గొంతును నమ్మినవాళ్ళు, ఆ మనిషి శరీరం తెర మీద కనిపించబోతోందంటే ఆ నమ్మకాన్ని వెనక్కి తీసుకోలేదు. వలస వచ్చిన చైనా కుటుంబంలో పుట్టిన అమ్మాయి ఆమె. ఇంట్లో ఈ విషయాల గురించి మాట్లాడుకునే అలవాటు ఎంత ఉండి ఉంటుందో మీరూ నేనూ ఊహించగలం.

సినిమా 2006 మేలో ఫ్రాన్స్‌లోని కేన్స్ చిత్రోత్సవంలో అర్ధరాత్రి ప్రదర్శనగా మొదట కనిపించింది. అమెరికాలో రేటింగ్ లేకుండానే అక్టోబర్‌లో విడుదలయింది. బ్రిటన్‌లో సెన్సారు బోర్డు ఒక్క కోత కూడా లేకుండా పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకు అనుమతించింది. ఇవి సాఫీగా నడిచిన చోట్లు, వీటి గురించి ఎక్కువ చెప్పను.

దక్షిణ కొరియా సంగతి వేరు. అక్కడి రేటింగ్ బోర్డు దీన్ని పరిమిత ప్రదర్శన అనే తరగతిలో పెట్టింది. అంటే ప్రత్యేకంగా అనుమతి పొందిన థియేటర్లలోనే వేయాలి. అలాంటి థియేటర్లు అప్పట్లో దేశంలో దాదాపు లేనట్టే. నిషేధం అనే మాట వాడకుండా నిషేధించడం అన్నమాట. పంపిణీదారులు కోర్టుకు వెళ్ళారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2009 జనవరిలో కోర్టు పంపిణీదారుల పక్షాన తీర్పు చెప్పింది. సినిమా మొత్తాన్ని, దాని ఉద్దేశాన్ని చూస్తే దీన్ని అశ్లీలం అనలేమని తేల్చింది. మన దేశంలో కూడా ఆ దారి కొత్తది కాదు. ఒక స్త్రీ మీద జరిగిన అత్యాచారాలను, ఆమెను నగ్నంగా నడిపించిన అవమానాన్ని చూపించిన 'బాండిట్ క్వీన్' కేసులో 1996లో మన సుప్రీంకోర్టు ఇలాగే ఆలోచించింది. ఆ నగ్నత్వం ప్రేక్షకుడిలో కోరిక పుట్టించడానికి కాదు, జాలి, కోపం, సిగ్గు పుట్టించడానికి ఉందని గుర్తించింది. తెర మీద ఏముందని అడగడం సులువు. చూసేవాడిలో అది ఏమి చేస్తుందని అడగడానికి ఓపిక కావాలి. రెండు దేశాల న్యాయమూర్తులూ ఆ ఓపిక చూపించారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే స్పందన దగ్గరికి వస్తాను. ఈ సినిమాను తప్పుపట్టిన విమర్శకుల్లో కొందరికి శృంగారంతో పేచీ లేదు. అన్నీ చూసినవాళ్ళు, ఏదీ కొత్త కాదు. వాళ్ళ అభ్యంతరం వేరే చోట ఉంది. సినిమా మరీ అమాయకంగా ఉందన్నారు. చివర అందరూ కలిసి పాట పాడటం మరీ తీపిగా ఉందన్నారు. నగ్నమైన శరీరాన్ని చూసి చలించనివాళ్ళు, ఒక మనిషి నన్ను ప్రేమించండి అని నేరుగా అడిగితే కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. దీని మీద నేను చాలా ఆలోచించాను. మా అన్న ఐదో నిమిషంలో లేచిపోయాడు, వాళ్ళు చివరిదాకా కూర్చున్నారు. అయినా ఆ ఏడుపును పట్టించుకున్నది ఆయనే. సిగ్గుపడి బయటికి వెళ్ళిన మనిషి మనసు ఆ గదిలోనే ఉండిపోయింది. నేను ఆయన్ని సంప్రదాయవాది అనో, భయస్థుడు అనో ఎప్పుడూ అనుకోలేదు. ఆయన లేచిపోవడం కూడా ఆ దృశ్యాన్ని గౌరవించడమే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఒకరి ఏకాంతంలోకి తెలియక అడుగుపెట్టినవాడు వెనక్కి తగ్గినట్టు తగ్గాడు.

ఈ సినిమాలో ఒక ప్రేక్షకుడు ఉన్నాడు, పాత్రగానే. అతని పేరు కేలబ్. జేమ్స్, జేమీల ఇంటికి ఎదురింట్లో ఉంటాడు. పెద్ద లెన్సు పెట్టి వాళ్ళ కిటికీలోకి చూస్తూ, ఏళ్ళ తరబడి వాళ్ళను ఫోటోలు తీస్తాడు. మొదట మనకు అసహ్యం కలుగుతుంది. కాసేపటికి ఒక అనుమానం వస్తుంది, మనమూ అదే పని చేస్తున్నాం కదా అని. జేమ్స్ తన కెమెరాలో తీసుకుంటున్నది జేమీకి వదిలిపెట్టి వెళ్ళే ఆఖరి ఉత్తరం. చనిపోవాలనుకుంటున్నాడు, మూడో మనిషిని ఇంట్లోకి రానిచ్చింది కూడా తన తర్వాత జేమీకి తోడు ఉంటాడని. ఈతకొలనులో మునిగిపోయిన అతన్ని బయటికి లాగేది ఎవరో తెలుసా? కేలబ్. దూరం నుంచి చూస్తూ వచ్చినవాడు మొదటిసారి కిటికీ వదిలి పరుగెత్తుకొస్తాడు.

తర్వాత జేమ్స్ అతనితో ఒక మాట చెబుతాడు. యథాతథంగా కాదు, అర్థం చెబుతున్నాను. చుట్టూ ప్రేమ ఉందని నాకు కనిపిస్తూనే ఉంటుంది, అది నా చర్మం దగ్గరే ఆగిపోతుంది, లోపలికి రానివ్వలేను అంటాడు. అదీ ఆ ఏడుపు. సినిమాలో అంత శరీరం ఎందుకుందో నాకు అర్థమైంది ఈ మాట దగ్గరే. చర్మం దగ్గర ఆగిపోయిన మనిషి కథ చెప్పాలంటే కెమెరా చర్మం దాకా వెళ్ళక తప్పదు. దుప్పటి కప్పి, పువ్వులు చూపించి చెప్పి ఉంటే, ఆగిపోయింది దుప్పటి దగ్గరా చర్మం దగ్గరా అన్నది మనకు తెలిసేది కాదు.

ఇంకొక దృశ్యం కూడా చెప్పకుండా ఉండలేను. షార్ట్‌బస్‌లో ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు. ఒకప్పుడు ఈ నగరానికి మేయర్‌గా చేశానంటాడు. పేరు చెప్పరు గానీ, 1978 నుంచి 1989 దాకా న్యూయార్క్ మేయర్‌గా ఉన్న ఎడ్ కోచ్ అక్కడి ప్రేక్షకులకు వెంటనే గుర్తొచ్చాడు. ఎయిడ్స్ ఆ నగరంలో వేలమందిని తీసుకుపోయిన కాలం అది. పాలకులు చేయవలసినంత చేయలేదన్న కోపం ఆ జనంలో ఇప్పటికీ ఉంది. ఆ ముసలాయన పక్కన కూర్చున్న కుర్రాడితో, చేతనైనంత చేశాను, భయపడ్డాను, అప్పట్లో మాకు తెలిసింది చాలా తక్కువ అంటాడు. జనం ఈ ఊరికి క్షమించబడటానికి వస్తారని కూడా అంటాడు. ఆ పాత్ర వేసిన అలన్ మాండెల్ శామ్యూల్ బెకెట్‌తో పనిచేసిన రంగస్థల నటుడు. గొంతు పెంచడు, కళ్ళు తుడుచుకోడు. ఆ కుర్రాడు ముందుకు వంగి ఆయన్ని ముద్దు పెట్టుకుంటాడు. మొత్తం సినిమాలో ఇంతకన్నా మర్యాదగా ఉన్న దృశ్యం లేదు. ఎయిడ్స్ కాలంలో స్నేహితులను పోగొట్టుకున్నవాళ్ళకు అది ఎలా తాకి ఉంటుందో ఆలోచించండి. ఒక కల్పిత మేయర్ అడిగిన క్షమాపణ అది. అసలు మనుషుల నుంచి వాళ్ళకు అందింది చాలా తక్కువ.

లోపాలు లేవని చెప్పడం లేదు. సోఫియా భర్త పాత్రను సగంలో వదిలేశారు. రిమోట్‌తో నడిచే పరికరం పెట్టి నడిపిన హాస్యం నాకు సాగదీతగానే అనిపించింది. సోఫియాకు చివర్లో దొరికింది కూడా కొంచెం తేలికగా దొరికినట్టుంది. స్త్రీ ప్రేక్షకులు కొందరు, ఆమె సుఖాన్ని నగరం మొత్తానికి ప్రతీకగా చేయడం ఎందుకు, అది ఆమె సుఖంగానే ఉండకూడదా అని అడిగారు. నా దగ్గర దానికి మంచి జవాబు లేదు. వాళ్ళు అన్నది సబబే.

ఈ కాలపు ప్రేక్షకులు ఇంకొక ప్రశ్న ముందుగా అడుగుతున్నారు. ఆ నటులు ఇష్టపడే చేశారా అని. మా రోజుల్లో మాకు తట్టని ప్రశ్న ఇది, ఎంతో ముందే తట్టవలసింది. 1972లో వచ్చిన 'లాస్ట్ టాంగో ఇన్ పారిస్'లో నటించినప్పుడు మరియా ష్నైడర్ వయసు 19. ఒక దృశ్యంలో ఏమి జరగబోతోందో ఆమెకు ముందుగా పూర్తిగా చెప్పలేదు. ఆ అవమానాన్ని ఆమె జీవితాంతం మోసింది. ఆ సినిమాను గొప్ప కళగా మెచ్చుకున్నవాళ్ళ వరసలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆ దృశ్యం తలచుకుంటే ఆమె ముఖం తప్ప ఏమీ కనిపించదు. 2013లో కేన్స్ అత్యున్నత బహుమతి పొందిన ఒక ఫ్రెంచి ప్రేమకథలో నటించిన ఇద్దరు నటీమణులు కూడా చిత్రీకరణ తమను ఎంత బాధపెట్టిందో బయటపెట్టారు. 2018 తర్వాత సన్నిహిత దృశ్యాల పర్యవేక్షణకు ప్రత్యేకంగా మనిషిని నియమించడం అమెరికా టీవీ నిర్మాణాల్లో మొదలై పాకింది. 'షార్ట్‌బస్' తీసేనాటికి అలాంటి ఏర్పాటు లేదు. రెండేళ్ళ వర్క్‌షాపులే ఆ పని చేశాయి. తెర మీద వాళ్ళ ముఖాల్లో ఆ నెమ్మది కనిపిస్తుంది. ఒకరి మీద ఒకరికి భయం లేని మనుషులు ఎలా ఉంటారో అలా ఉంటారు.

మన ఇంటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇదంతా దూరదేశపు గొడవ అని ఎవరైనా అనుకోవచ్చు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' రాసింది. అందులో రాధ కోరిక ఉంది, అలక ఉంది, తన చేతులతో పెంచిన పిల్లను కృష్ణుడికి ఇచ్చి పెళ్ళి చేసి కుమిలిపోయే బాధ ఉంది. కందుకూరి వీరేశలింగం గారంతటివారు అది స్త్రీలు వినదగినది కాదన్నారు, కవయిత్రి నడవడినే తప్పుపట్టారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని వెతికి, పరిష్కరించి, వావిళ్ళ వారి చేత అచ్చు వేయించింది. సిగ్గు అనేది ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు లేదా అని ఆవిడ నేరుగా అడిగింది. బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి హయాంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. అన్నేళ్ళూ ఆ కావ్యంలో ఎన్ని శృంగార పద్యాలున్నాయని లెక్కపెట్టినవాళ్ళు ఉన్నారు. రాధ ఎందుకు ఏడ్చిందని అడిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? నాగరత్నమ్మ అడిగింది. ఆ పుస్తకాన్ని ఎన్నిసార్లు చదివినా మళ్ళీ చదవాలనిపిస్తుందని ఆవిడ రాసుకుంది కూడా.

ప్రశ్నలకు సమయం ఉంది కదా? అడగండి.

వెనక వరసలో అమ్మాయి అడుగుతున్నది ఇక్కడ అందరికీ వినిపించిందా? ఈ సినిమాను మీ అమ్మగారితో కలిసి చూడగలరా అని. లేదమ్మా, చూడలేను. అందులో నాకు ఏ అపరాధ భావమూ లేదు. ఒక సినిమా మంచిదని చెప్పడానికి అందరితో కలిసి చూడగలగాలి అన్న నియమం నేను ఒప్పుకోను. కొన్ని ఉత్తరాలు ఒంటరిగానే చదువుకుంటాం. అమ్మకు కథ మాత్రం చెప్పాను, ఆ ముసలి మేయర్ దృశ్యంతో సహా. వంకాయలు తరుగుతూ విన్నది. పాపం, ఆ పెద్దాయనకు ఎవరూ లేరా అని అడిగింది.

ఇంకొకరు. మీరు చెప్పిన ఆ అన్న తర్వాతయినా సినిమా చూశారా?

చూశాడు. ఆయన ఇప్పుడూ అమెరికాలోనే ఉన్నాడు, ఇద్దరు పిల్లలు. 2022లో ఈ సినిమాను బాగుచేసి కొత్త ప్రింటు విడుదల చేశారు. ఆ వార్త నేనే ఆయనకు పంపాను, పైన ఏమీ రాయకుండా. నెల తర్వాత ఒక రాత్రి ఫోన్ చేశాడు. మొదట పిల్లల చదువుల గురించి మాట్లాడాడు, ఇక్కడి వర్షాల గురించి అడిగాడు. తర్వాత అన్నాడు, ఆ రోజు తలుపు పక్కన కూర్చుని ఉన్నప్పుడు చివర్లో లోపలినుంచి ఒక పాట వినిపించిందని, మొదట ఒక్క గొంతు, మెల్లగా, తర్వాత బాజాలు కలిశాయని, అది పెళ్ళి ఊరేగింపులాగా అనిపించిందని. ఇన్నేళ్ళూ అది ఎవరి పెళ్ళా అనుకుంటూ ఉన్నాడట. ఆ దృశ్యంలో నగరమంతా కరెంటు పోయి ఉంటుంది, షార్ట్‌బస్‌లో కొవ్వొత్తులు వెలిగించుకుని కూర్చుంటారు, ఆ ఇంటిని నడిపే జస్టిన్ బాండ్ పాడతారు, వీధిలోంచి బ్యాండు మేళం లోపలికి వస్తుంది. "జేమ్స్ అక్కడే ఉన్నాడు తమ్ముడూ, బతికే ఉన్నాడు, జేమీ పక్కన కూర్చున్నాడు, చూశాను" అన్నాడు.